తినే చేతికి గరిటె కూడా ఇద్దాం

'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అన్నారు పెద్దలు. బాగానే అన్నారు గానీ, ఆ జిహ్వలన్నింటికీ వేళకు వండి వార్చేది ఎవరన్న సంగతి మాత్రం సామెతలో చెప్పలేదు! ఇంట్లో నలుగురుంటే నాలుగు రుచులు. ఆ నలుగురిలో ఒకరు ఎనిమిదేళ్ళ పిల్లాడైతే ఇక చెప్పక్కర్లేదు. 'అడగందే అమ్మైనా పెట్టదు' అన్నదీ పాత మాటే అయిపోయింది. ఇప్పుడు అమ్మే అడుగుతోంది. "రేపు బాక్సులోకి ఏం చెయ్యమంటావు నాన్నా? పులిహోరా? నూడుల్సా? పోనీ, పూరీ?" అని రాత్రి పడుకోబోయే ముందు బతిమాలుకుంటోంది.

పిల్లల కోసం వంటలో ప్రయోగాలు చెయ్యడం తప్పని నేననను. నాకూ అది సరదాయే. అప్పుడప్పుడూ కథలు రాసుకునేదాన్ని కాబట్టి చెబుతున్నాను, కథకీ కూరకీ పెద్ద తేడా లేదు. ఇంట్లో ఉన్న సరుకునే కొంచెం కొత్తగా వడ్డించాలి, అంతే. కాకపోతే ఆ ప్రయోగం ఎవరి నడుము మీద నడుస్తోంది, చివరికి ఎవరు ఏం తింటున్నారు అనేదే నా ప్రశ్న.

అసలు ప్రయోగాలు మన వంటింటికి కొత్తా? గోదావరి జిల్లాల్లో చూడండి. మినపపిండిని పనసాకుల బుట్టల్లో పోస్తే పొట్టిక్కలు, గిన్నెకు గుడ్డ కట్టి ఆవిరి మీద పెడితే కుడుము, మూకుట్లో మందంగా పోసి సన్నసెగ మీద కాలిస్తే దిబ్బరొట్టె. పిండి పులిసిందా, ఉల్లిపాయలు వేసి పునుగులు. తెలంగాణలో బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెకు అద్ది కాలిస్తే సర్వపిండి. ఇవన్నీ ఏ తల్లో, ఏ అమ్మమ్మో 'రోజూ ఇదేనా?' అన్న పిల్లల కోసం కనిపెట్టినవే అయ్యుంటాయని నాకనిపిస్తుంది. అయితే ఒక సంగతి గమనించండి. పిల్లాడికి పొట్టిక్కలు పెట్టిన రోజు తాతగారికీ పొట్టిక్కలే. మార్చింది ఆకారాన్నే. వంటల సంఖ్యను పెంచలేదు.

ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? పెద్దవాళ్ళకి బీరకాయ కూర, పప్పుచారు. చిన్నవాడికి వేరే ఫ్రైడ్ రైస్. అది సగం తిని వదిలేస్తే ఇంకేదో. మావారు, అత్తయ్యగారు, పిల్లాడు తిన్నాక, వాడు వదిలేసిన ఆ సగం ఎవరి కంచంలోకి వస్తుందో మీకు తెలుసు, నాకు తెలుసు.

ఇదంతా నా ఒక్కదాని గొడవ అనుకోకండి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా, ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. ఆరేళ్ళు దాటినవాళ్ళలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు నూటికి 81 మంది అయితే, మగవాళ్ళు 26 మంది. చేసేవాళ్ళలోనూ ఆడవాళ్ళు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ లెక్క తీస్తే ఆడవాళ్ళవి 289కి తగ్గాయి. సంతోషించేలోపే చూస్తే, మగవాళ్ళవి కూడా 88కి తగ్గాయి! ఇంతటి చాకిరీ మీద, ఒక్కొక్కరికీ ఒక్కో వంట అనే భారం కూడానా?

అందుకే మా ఇంట్లో ప్రయోగానికి ఒక కట్టుబాటు ఉంది. గిన్నె ఒకటే. పప్పు ఉడికాక పిల్లాడి వంతు ముందే తీసి నెయ్యి, జీలకర్రతో పోపు పెడతాను. మిగిలినదానికి ఎండుమిరపకాయల పోపు. దోసెలపిండిలో నాలుగు గరిటెలు రాగిపిండి కలిపితే అందరికీ రాగిదోసెలు. వాడికి మాత్రం చిన్నచిన్నవి, బొమ్మ చక్రాలంత. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది పది దాటదు. ఎదిగే పిల్లాడికి ఎంత అవసరమో, మోకాళ్ళు పట్టుకుని లేచే అత్తయ్యగారికీ అంతే అవసరం. నాకూనూ!

ఇక రెండోది, దొంగచాటు వంట. "కూరగాయలు మెత్తగా రుబ్బేసి, వాడికి తెలియకుండా చపాతీపిండిలో కలిపెయ్యండి" అని మా పక్కింటావిడ సలహా. చాలామంది అదే చేస్తున్నారు. నాకది నచ్చదు. పాలకూర కడుపులోకి వెళ్ళినా, నాలుకకు పరిచయం కాదు. ఏదో ఒకరోజు సంగతి బయటపడిందంటే ఆ తర్వాత పెట్టే ప్రతి ముద్దనూ విప్పి చూసుకుంటాడు.

మావాడికి తోటకూర పొడ గిట్టేది కాదు. ఒకరోజు పెసలు రుబ్బి, తోటకూర సన్నగా తరిగి అందులో వేసి అట్లు పోశాను.

"ఇందులో ఆకుపచ్చగా ఏమిటమ్మా?"

"తోటకూర."

మొహం చిట్లించాడు. కరకరలాడే అంచు మాత్రం తుంచుకుని తిని మధ్యది వదిలేశాడు. నేనేమీ అనలేదు. నాలుగు రోజులాగి వడల్లో వేశాను, మరో వారం పప్పులో. ప్రతిసారీ పేరు చెప్పే పెట్టాను. ఎన్నిసార్లయిందో లెక్క పెట్టలేదు గానీ, ఒకనాడు అట్టు మొత్తం తినేసి "అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. కొత్త రుచి అలవాటు కావాలంటే పిల్లలకు ఎనిమిది, పదిసార్లయినా దాన్ని రుచి చూపించాలని ఆహార శాస్త్రవేత్తలు చెబుతారు. మనం రెండోసారికే "మావాడికి అది పడదండీ" అని తీర్పు చెప్పేస్తున్నాం.

ఆకుకూర కోసం ఇంత పట్టుదలేమిటంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, తిండి అందులో ఒకటి. ఆకుకూర మీద ఒక నిమ్మచెక్క పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. ఖర్చులేని ఈ చిన్న కిటుకు ఏ ఖరీదైన పొడి డబ్బాకీ తీసిపోదు.

మూడోది, లంచం. ఒకప్పుడు చందమామను చూపించి తినిపించేవాళ్ళు, ఇప్పుడు ఫోను చూపిస్తున్నాం. "ఈ రెండు ముద్దలూ తింటే ఫోనిస్తా" అంటే పని జరుగుతుంది, నిజమే. కానీ అమెరికాలో లియాన్ బర్చ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు కలిసి 1984లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక కొత్త పానీయం తాగితే బహుమానం ఉందని పిల్లలకు ఆశ పెట్టారు. తీరా చూస్తే, పిల్లలకు ఆ పానీయం మీద ఇష్టం తగ్గింది! 'లంచమిచ్చి మరీ తాగిస్తున్నారంటే ఇదేదో చేదు వ్యవహారమే' అనుకుని ఉంటారు పాపం. వాళ్ళ తర్కం సరైనదే కదా!

మరి ఏం చెయ్యాలి? నా మటుకు నేను, తినేవాడి చేతికే గరిటె ఇచ్చాను. మావాడు తోటకూర ఆకులు తుంచుతాడు, వెల్లుల్లి ఒలుస్తాడు, బఠాణీలు వలుస్తూ సగం నోట్లో వేసుకుంటాడు. మొదట్లో అత్తయ్యగారు ఊరుకోలేదు.

"మగపిల్లాడి చేత వెల్లుల్లి ఒలిపిస్తావుటే?"

"మగపిల్లాడు వెల్లుల్లి తింటున్నాడుగా అత్తయ్యా!" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. రెండ్రోజులు మాట్లాడలేదు కూడా. ఇప్పుడు మాత్రం వాడికి చింతపండు పిసకడం ఆవిడే నేర్పుతున్నారు.

ఆదివారం టిఫిన్ వాడి ఇష్టం. కానీ అందరూ తినేదై ఉండాలి, చెయ్యడానికి వాడూ ఉండాలి. ఒక ఆదివారం ఉప్మాలో అరటిపండు వేద్దామన్నాడు. వెయ్యమన్నాను. ఆ ఉప్మా ఎలా ఉందో మీరు ఊహించుకోవచ్చు! మావారు రెండు చెంచాలు తిని పళ్ళెం పక్కకు నెట్టేశారు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నేను ఎంత కష్టపడి చేశానో తెలుసా నాన్నా?" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో నేను కాకుండా మరొకరు అనడం అదే మొదటిసారి. మావారు పళ్ళెం మళ్ళీ దగ్గరకు లాక్కున్నారు.

ఇంత చేసినా వాడు ఏమీ ముట్టని పూటలుంటాయి. అటువంటి ఒక రాత్రి మావారు, "పిల్లాడు ఖాళీ కడుపుతో పడుకుంటాడు, ఇంకేదైనా చేసి పెట్టరాదూ?" అన్నారు. "పొయ్యి అక్కడే ఉంది, మీరు చేసిపెట్టండి" అన్నాను. ఇల్లంతా నిశ్శబ్దం. చివరికి వాడే పెరుగన్నం కలుపుకుని తిని పడుకున్నాడు. అప్పటినుంచి అదే పద్ధతి. వండినది తినాలనిపించకపోతే పెరుగన్నం ఉంది, మరో వంట లేదు. మా మాటలో కోపమూ లేదు, బలవంతమూ లేదు.

ఇదంతా అన్ని ఇళ్ళకూ ఒకేలా కుదరదని నాకు తెలుసు. ఎంతకీ బరువు పెరగని పిల్లలకూ, కొన్ని పదార్థాలు ఒంటికి పడని పిల్లలకూ డాక్టరు చెప్పినట్టే వండాలి. ఆఫీసునుంచి ఎనిమిదింటికి ఇల్లు చేరిన తల్లి ఒకపూట ప్యాకెట్ చింపిందని ఆమెను బోనులో నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఏరుకునే అవకాశమే లేని ఇళ్ళ గురించైతే మనం మాట్లాడే అర్హత ఇంకా తక్కువ. నేను చెప్పేది రెండు కూరలు వండే స్తోమత ఉండి, రెండు చేతులు మాత్రమే పనిచేసే ఇళ్ళ గురించి.

మరొక్క మాట. మా అమ్మకు కాకరకాయ పులుసంటే ప్రాణం. నాన్నగారికి ఆ వాసనే పడదు, మాకు చేదు. నాన్నగారు ఊరెళ్ళిన రోజునే అది పొయ్యెక్కేది. అదీ ఒక చిన్న గిన్నెలో, తన ఒక్కదానికి, ఏదో తప్పు చేస్తున్నట్టు! ఇంటిల్లిపాది రుచులూ కంఠతా వచ్చిన మనిషి రుచి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. అందుకని మా ఇంట్లో బుధవారం నాది. ఆ రోజు కాకరకాయ పులుసు పెద్దగిన్నెలోనే ఉడుకుతుంది. మావాడు ఒక చెంచా వేసుకుని, మొహం వికారంగా పెట్టి, మింగుతాడు. ఇష్టపడి తినాలని నేనూ అనను. అమ్మకూ నాలుక ఉందని వాడికి తెలిస్తే ఈ ఏటికి చాలు.

పిల్లాడు మెచ్చుకున్న వంట తల్లికి సంతోషమే, కాదనను. కానీ అది ఆమె తల్లితనానికి పెట్టే పరీక్ష కాకూడదు. వాడు ముక్క వదిలేస్తే ఆమె ఫెయిలూ, కంచం నాకేస్తే పాసూనా? ఈరోజు మనం వాడి నాలుకకు ఏ రుచులు నేర్పుతున్నామో, వండే మనిషిని ఎలా చూడాలో కూడా అప్పుడే నేర్పుతున్నాం. మరో పాతికేళ్ళకి వాడు ఇంకో వంటింటి గుమ్మంలో నిలబడతాడు. "ఏం వండావు?" అని అడుగుతాడా, "ఏం వండుకుందాం?" అంటాడా? దానికి జవాబు ఇవాళ మన వంటింట్లోనే తయారవుతోంది. ఏమంటారు?