కాగితానికి అందిన కరోనా సాయం

2020 వేసవిలో మా చిన్నాన్న వరుసైన ఒకాయన నూజివీడు ప్రాంతంలో నాలుగెకరాల మామిడి తోట గుత్తకు పట్టాడు. పూత మీదే యజమానికి సొమ్ము చెల్లించాడు. మందుల పిచికారీ, కాపలా, కోత కూలి అన్నీ తనవే. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. కాయ కోతకొచ్చేనాటికి బేరగాళ్లు రాలేదు, లారీలు దొరకలేదు. పీఎం కిసాన్ వాయిదా 2,000 రూపాయలు మాత్రం ఏప్రిల్‌లోనే విజయవాడలో ఉండే యజమాని ఖాతాలో పడ్డాయి. ‘ఏరా అబ్బాయ్, నష్టం నాకొస్తే డబ్బులు కాగితానికేస్తారా?’ అని చిన్నాన్న ఫోనులో అడిగాడు. ఆర్థిక విధానాలు బోధించే నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

మార్చి 26న కేంద్రం ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో 8.7 కోట్ల రైతులకు అందుతుందన్న సాయం ఇదే. నిజానికి అది కొత్త సొమ్ము కాదు, ఎలాగూ ఇవ్వవలసిన వాయిదాను ముందుకు జరిపారంతే. అర్హతకు ఆధారం భూమి రికార్డు. 2011 జనాభా లెక్కల్లో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు విస్తీర్ణంలో వారి వాటా 9 శాతానికి లోపే. అటువంటి చోట పట్టా ఆధారంగా పంచే సొమ్ము కులం పేరెత్తకుండానే కులాన్ని అనుసరిస్తుంది.

తెలంగాణలో రైతుబంధు మరింత సూటిగా నడిచింది. ఎకరాకు ఏడాదికి 10,000 రూపాయలు, విస్తీర్ణానికి పరిమితి లేదు, కౌలుదారుకు చోటు లేదు. రికార్డుల ప్రక్షాళనలో పహాణీలోని అనుభవదారు కాలమ్ కూడా పోయింది. దున్నేవాడి ఉనికికి మిగిలిన ఒక్క సాక్ష్యమూ అలా చెరిగింది.

ఆంధ్రప్రదేశ్ కొంత భిన్నం. భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు రైతు భరోసా కింద 13,500 రూపాయలు ఇవ్వాలన్న నిబంధన అక్కడ ఉండేది. అగ్రవర్ణ కౌలుదారులను వదిలేశారన్న అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది సంతకం. 2019 సాగు హక్కుల చట్టం ప్రకారం కార్డు కావాలంటే యజమాని 11 నెలల ఒప్పందంపై సంతకం చేయాలి. భూమి చేజారుతుందన్న భయం ఒకటి, అదే పాసుపుస్తకంపై తాను తెచ్చుకునే పంట రుణం మరొకటి. ఈ రెండూ ఉండగా ఆయన ఎందుకు చేస్తాడు? పైగా ఊళ్లో భూమిచ్చే ఆసామినీ, తీసుకునే దళితుడినీ సమాన పక్షాలుగా చట్టం ఊహించుకుంటుంది. సంతకం అడిగితే మరుసటి ఏడు ఆ భూమి దక్కదని కౌలుదారుకు తెలుసు. ఇక తోట గుత్తను కౌలుగానైనా ఎవరూ లెక్కించరు. నోటిమాట మీద నడిచే కాయ బేరమే అది.

చేయదగినది లేకపోలేదు. ఈ-పంట నమోదుకు సిబ్బంది పొలానికి వెళుతున్నారు. ఎవరు సాగు చేస్తున్నారో అక్కడే, యజమాని అనుమతితో పనిలేకుండా, గ్రామసభ సాక్షిగా రాసుకోవచ్చు. విపత్తు సాయానికి ఆ జాబితానే ఆధారం చేయవచ్చు. హక్కుల వివాదం వేరు, నష్టపరిహారం వేరు అని ప్రభుత్వం ఒక్క ఉత్తర్వులో చెప్పగలదు.

చిన్నాన్న మరుసటి ఏడు గుత్త పట్టలేదు. పాత అప్పు తీరలేదు. అదే తోటలో కోత కూలీగా వెళ్లాడు.