ఇంటర్వ్యూ గది గడప దగ్గర

ఉద్యోగం పురుషలక్షణం అన్నారు పెద్దలు. మన క్లాసుల్లో ముందు బెంచీలన్నీ అమ్మాయిలవే గనుక ఆ మాటను ఇకనైనా సవరించుకుందాం. అయితే ఎవరైనా సరే, ఉద్యోగానికి ముందు ఇంటర్వ్యూ అనే గడప దాటాలి. మనలో చాలామంది బోల్తా పడుతున్నది అక్కడే.

నా సంగతే చెబుతాను. డిగ్రీ కాగానే ఒక ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పదిహేను రోజులు జనరల్ నాలెడ్జి పుస్తకం బట్టీపట్టాను. దేశాల రాజధానులు, నోబెల్ బహుమతులు నోటికి వచ్చేశాయి. మామయ్య బూట్లు అరువు తెచ్చుకున్నాను. లోపల పెద్దాయన నా దరఖాస్తు చూసి, "మీ ఊరి చెరువు కింద ఎన్ని ఎకరాలు పారుతుంది బాబూ?" అన్నారు. ఆ చెరువులో ఈత కొట్టి పెరిగినవాణ్ణి, నోరు పెగల్లేదు. "తెలియదండీ" అనే ధైర్యం కూడా లేక "ఐదువేల ఎకరాలండీ" అనేశాను. "అయితే నాగార్జునసాగర్‌కు తమ్ముడన్నమాట!" అని ఆయన నవ్వారు. ఆ తరువాత ఏమడిగారో, ఏం చెప్పానో గుర్తులేదు.

తప్పు ముందు నాదే. కాని పదిహేనేళ్ళ చదువులో ఒక్కరైనా నన్ను లేచి ఐదు నిమిషాలు సొంతంగా మాట్లాడమన్నారా? నోట్సు రాసుకోవడం, పరీక్షలో అప్పజెప్పడం, ఇదేగా మన చదువు!

ఇంటర్వ్యూలన్నీ సిఫార్సుల తంతే అనే మిత్రులున్నారు. ఆ అనుమానం ఉత్తది కాదు. హర్యానాలో సివిల్ సర్వీసు ఉద్యోగాల ఎంపికలో మౌఖిక పరీక్షకు 22.2 శాతం మార్కులు ఇవ్వడాన్ని 1985లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఎత్తివేసింది. అయినా ఐ.ఎ.ఎస్. కోరేవారికి మొత్తం 2025 మార్కుల్లో 275 ఇంటర్వ్యూవే. మెయిన్స్ తెలుగులో రాసినవారు దాన్ని కూడా తెలుగులోనే ఇవ్వవచ్చు. ఇక ప్రైవేటు కంపెనీల సంగతి చెప్పాలా? నోరు విప్పనిదే పని జరగదు.

పట్నంలో, చదువుకున్న ఇంట్లో పుట్టినవాడికి ఈ మాటకారితనం అన్నం దగ్గరే అబ్బుతుంది. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కినవాడికి కాలేజీయే నేర్పాలి. అందుకే యూనియన్‌కు నా మనవి. వారానికొక సాయంత్రం ఒక క్లాసురూము తెరిపించండి. ఇద్దరు లెక్చరర్లను, ఒక పాత విద్యార్థిని బల్లకు అటువైపు కూర్చోబెట్టండి. అడగవలసింది రాజధానులు కాదు. మన ఊరు, మన సబ్జెక్టు, ఆనాటి పేపరు. తెలుగులో మొదలుపెట్టి మెల్లగా ఇంగ్లీషులోకి వెళదాం. తెలియనిది తెలియదని తల ఎత్తి చెప్పడం కూడా అక్కడే నేర్చుకుందాం.

ఈ సావనీర్ కోసం కొట్టు కొట్టూ తిరిగి, షావుకార్లను ఒప్పించి ప్రకటనలు తెచ్చిన మన యూనియన్ మిత్రులకు ఇదొక లెక్కా?