కప్ప షోకేస్ బొమ్మ కాదు భాయ్



బచ్చాలు జిద్ చేశారని అక్వేరియం దుకాణం నుంచి కప్పల్ని కొనుక్కొచ్చే షౌక్ కొన్ని ఇళ్లల్లో కనిపిస్తోంది. పెంచడం జాయెజా కాదా అని అడుగుతారు గానీ, ఏ నీళ్లు పోయాలని అడిగేవాళ్లు తక్కువ. నా ఖయాల్‌లో ఈ రెండోదే అసలు సవాల్. దవాయిలో వాడేందుకు కప్ప గురించి ఒక హకీం అడిగితే, దాన్ని చంపొద్దని ప్రవక్త (స) మనా చేసినట్టు అబూ దావూద్‌లో హదీసు ఉంది. మరి మన బేపర్వాతో చంపితే?

కప్ప నోటితో నీళ్లు తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరి కూడా కొంత చర్మం నుంచే. నీళ్లల్లో ఏముంటే అది దాని ఒంట్లోకి పోతుంది. నల్లా నీళ్లల్లోని క్లోరిన్ దానికి జహర్. బకెట్లో పట్టి ఒక రోజంతా మూత లేకుండా ఉంచాలి, లేదా దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. కొందరు ముహబ్బత్‌తో ఆర్వో నీళ్లు పోస్తారు. లవణాలు లేని ఆ నీళ్లూ దానికి మంచివి కావు. ట్యాంకును సబ్బుతో కడగొద్దు. జుమ్మా నాడు అత్తర్ రాసుకున్న చేత్తో ముట్టుకోవద్దు. ఆ గదిలో మచ్ఛర్ మందు అసలే వద్దు.

సగం నేల, సగం నీళ్లు అంటే నీళ్లల్లో ఒక ఇటుక పెట్టేయడం కాదు. అద్దం పలకను సిలికాన్‌తో అడ్డంగా అతికి, వాసన పూర్తిగా పోయాక ఒకవైపు ఎరువు కలవని, బాగా కడిగిన కొబ్బరిపొట్టు నింపాలి. నీళ్లవైపు నుంచి నేలమీదికి రాళ్లతో ఏటవాలు దారి కట్టాలి. ఎక్కే దారి లేకుంటే ఈదీ ఈదీ అలసిపోయి కప్ప కూడా మునిగి చస్తుంది. నవ్వకండి, సచ్ బాత్. నీళ్లు నాలుగు అంగుళాలు చాలు. రాళ్లు కప్ప తలకంటే పెద్దవే ఉండాలి, చిన్నవైతే పురుగుతోపాటు మింగేస్తుంది. పైన గట్టి జాలీ ఢక్కన్ తప్పనిసరి.

ఇట్లాంటి ట్యాంకులో ఎక్కువగా పెంచేది ఫైర్ బెల్లీడ్ టోడ్. చైనా, కొరియాల చల్లటి చోట్లది. 28 డిగ్రీలు దాటితే తట్టుకోవడం ముష్కిల్. హైదరాబాద్ మే నెల ఎండలో, ఏసీ లేని ఇంట్లో దాన్ని పెట్టడం నా దృష్టిలో జుల్మే. ఆ ఇంతెజాం లేనివాళ్లు కొనకపోవడమే బెహతర్.

దాని చర్మం విషం చిమ్ముతుంది, కళ్లకు తగిలితే మంట. సాల్మొనెల్లా ఖత్రా కూడా ఉంది. అందుకే ఐదేళ్లలోపు పిల్లల్ని ముట్టనివ్వొద్దు. పెద్దలు ముట్టినా వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. ట్యాంకు నీళ్లు వంటింటి సింకులో పారబోయొద్దు.

అయితే చెరువు కప్పనే తెచ్చుకుంటాం అనకండి. కప్పలు పొలాల పురుగుల్ని తింటాయి. కప్పకాళ్ల ఎగుమతిని మన సర్కార్ 1987లో బంద్ చేసింది ఊరికే కాదు. కొన్న కప్పను విసుగొచ్చి చెరువులో వదలడం ఇంకా ఖరాబ్ పని. దాని బీమారీ అక్కడి కప్పలకు అంటుకుంటుంది. పెంచలేకపోతే దుకాణందారుకే వాపస్ ఇవ్వండి, తీసుకుంటాడో లేదో కొనే రోజే అడిగిపెట్టుకోండి.