పండ్లపై మచ్చలు

పండ్లపై గోధుమరంగు చారలు గల బాలుని చూచి, "వీడు పండ్లు తోముకొనడు" అని తోటివారు ఎగతాళి చేయుదురు. అది న్యాయము కాదు. ప్రతి మచ్చయు అశుభ్రతకు గుర్తు కాదు.

నెల్లూరు ప్రాంతమున 1937లోనే వైద్యులు గుర్తించిన ఫ్లోరోసిస్ వ్యాధి నల్లగొండ పల్లెలను చిరకాలము పీడించినది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించినచో, పసితనమున చిగుళ్ళలోపల రూపొందుచున్న దంతముల పింగాణీ పొర చెడును. అట్టి మచ్చ ఇటుకపొడితో ఎంత రుద్దినను పోదు. పండ్లు మాత్రము అరిగిపోవును.

ఉదయము, రాత్రి మెత్తని బ్రష్షుతో పండ్లు తోముకొనుట బాలుని విధి. మంచినీరు సమకూర్చుట పెద్దల విధి. పెద్దలు తమ విధిని మరచినందుకు బాలుడు తన నవ్వును దాచుకొనవలసి వచ్చుట తగదు.