ఱ ఎక్కడికి పోయింది?

తెలుగు పుస్తకాన్ని కంప్యూటరులో కొట్టించి వూరు దాటించి చూశారా మీరెప్పుడైనా? కొట్టించినచోట ముత్యాల్లా వున్న అక్షరాలు, పక్కవూళ్ళో తెరిచేసరికి ఇంగ్లీషు ముక్కలూ, నెత్తిన కొమ్ములు మొలిచిన ఫ్రెంచి అక్షరాలూ అయి కూర్చుంటాయి. కన్నవాళ్ళు కూడా పోల్చుకోలేరు.

క్రిందటి శీతాకాలం అరకు వెళ్ళినప్పుడు అటువంటి పుస్తకం వొకటి నా కంటబడింది. అక్కడి బళ్ళో మేష్టారొకరు కొండదొరల భాషలో — వారు దానిని కూబి అంటారు — అవ్వలు చెప్పిన కథలు ఏళ్ళతరబడి సేకరించారు. వ్రాసింది తెలుగు లిపిలోనే. 2004లో మొదలైన గిరిజన మాతృభాషా బోధనలో ఆ భాషకు వాచకాలు వేసిందీ మన లిపిలోనే లెండి. కథలు చెప్పిన అవ్వల్లో యిద్దరు యిప్పుడు లేరు. వ్రాతప్రతిని చెదలు తిన్నాయి. మిగిలినవల్లా పట్నంలో అచ్చుకూర్చినవారిచ్చిన ఫైలూ, దాని పీడీఎఫూను. పిల్లలు ఫోనుల్లో చదువుకునేటట్టు ఈ-పుస్తకం చేద్దామని ఆయన కోరిక.

రోగం ఏమిటంటే, ఫైలు అను ఫాంట్లలో వుంది. ఆ పాత పద్ధతిలో కంప్యూటరుకు తెలుగు రాదు. అది దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలనే. వాటికి తలకట్టు, కొమ్ము, వొత్తు అంటూ తెలుగు ముక్కల చొక్కా తొడుగుతుంది ఫాంటు. చొక్కా లేని యింట్లో అసలు ఒళ్ళు బయటపడుతుంది. యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే మనకు 128 గళ్ళు కేటాయించి, ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య యిచ్చింది. విండోసైనా, మాకైనా, లినక్సైనా 'క' అంటే 'కే'.

ఎవరో పాతదాన్ని కొత్తదానిలోకి మార్చే సాధనంలో వేసి యిచ్చారట. చూడడానికి బ్రహ్మాండంగా వుంది. మేష్టారు మాత్రం రెండు పేజీలు పైకి చదివి ఆగిపోయారు.

"చూడండి బాబూ, మా అవ్వ యీ మాట యిలా అనదు. ఱ ఎక్కడికి పోయిందంటారు?"

నిజమే. బండి ఱ లన్నీ మామూలు ర లైపోయాయి. మనం తెలుగులో దాన్ని ఏనాడో సాగనంపాం గనుక మనకు చీమకుట్టినట్టయినా వుండదు. కాని కూబిలో ఆ రెండూ వేరువేరు ధ్వనులు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అరకు ప్రాంతపు యీ భాషమీద 1969లో ప్రచురించిన గ్రంథంలో ఆ సంగతి స్పష్టంగా వుంది. పట్నంలో ఎవరూ పట్టుకోలేని తప్పు. చదువుకునే పిల్లవాడికి మాత్రం వాళ్ళ అవ్వ మాటే మారిపోతుంది.

అప్పుడు ఆదుకున్నది పీడీఎఫ్. అది ఫోనులో ఆవగింజలంత అక్షరాలు చూపిస్తుంది, నకలు తీస్తే చెత్త రాలుస్తుంది, అయినా పుటకు ఫొటో తీసినట్టు ఉన్నదున్నట్టు దాస్తుంది. దాన్ని సాక్షిగా పెట్టుకుని మాట మాటా సరిచూడడమే. 'ర' కనిపించినచోటల్లా 'ఱ' పెట్టమని యంత్రానికి పురమాయిస్తే వున్న ర లు కూడా పోతాయి!

తరువాత ఈపబ్. యిందులో అక్షరాలు తెర వెడల్పునుబట్టి సర్దుకుంటాయి. మండలివంటి స్వేచ్ఛా ఫాంటును పుస్తకంలోనే పొదిగాం. లేకపోతే తెలుగు ఫాంటు లేని పరికరం డబ్బాలు చూపిస్తుంది. పొదిగినా కొన్ని చదువరి యాప్‌లు తమ ఫాంటే వాడతాయి, ఏం చెప్పమంటారు! అందుకే ఖరీదైన ఫోనూ, బళ్ళోని పాత టాబ్లెట్టూ, విండోస్ పెట్టే, అన్నింటిలో తెరిచి చూడాలి. ఖరీదు చూసి నమ్మేందుకు లేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా'లో కంటికి కనపడని గుర్తొకటి యిరుక్కుంటే, చూపించబోయిన ఐఫోను యాప్‌లు మూర్ఛపోయాయి. ఆపిల్‌వారు ఆ నెలలోనే మందు వేశారు.

మీ యింట్లో తాతగారి శతకమో, వంశవృక్షమో పాత సీడీలో వుంటే, ఆ ఫాంటున్న కంప్యూటరు బతికుండగానే తెరిచి వొక పీడీఎఫ్ తీయించండి. తరువాత యూనికోడ్‌లోకి మార్పించి, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎవరిచేతనైనా పైకి చదివించండి. ఆ భాష యింట్లో మాట్లాడేవారైతే మరీ మంచిది.