మీటరు చెప్పిందంతా బూడిదేనా?

సంపాదకుడు గారికి,

కృష్ణ నీళ్లలో థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిద కలుస్తోందంటూ పోయిన ఆదివారం సగం పేజీ పరిచారు. రుజువేమిటయ్యా అంటే, టర్బిడిటీ మీటరులో అంకె పెరిగిందట! ఆ మీటరు చేసే పని ఒక్కటే. నీళ్లలోకి కాంతిని పంపి, 90 డిగ్రీల పక్కకు ఎంత చెదిరిందో ఎన్‌టీయూల్లో చెబుతుంది. చెదరగొట్టింది బూడిదా, ఒండ్రా, పాచా దానికి తెలీదు. తాగేనీటికి ఐఎస్ 10500 ప్రమాణం పెట్టిన 1 ఎన్‌టీయూ హద్దు, వేరే దిక్కు లేనప్పుడు ఒప్పుకునే 5 కూడా ‘ఎంత’ అన్నదాని గురించే.

ఇలాంటి రుజువు మా ఇంటిదాకా వచ్చింది. ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు మా కుళాయి నీళ్లలో రెండు ఇనప పుల్లలు ముంచి కరెంటు పెట్టాడు. కాసేపటికే గ్లాసంతా తుప్పురంగు మడ్డి. తన ఫిల్టరు నీళ్లలో ముంచితే మాత్రం అవి తేటగానే ఉన్నాయి. ‘చూశారా పెద్దాయనా, మీరు తాగేదిదే!’ అన్నాడు. మా ఆవిడ బెదిరిపోయి బీరువా తాళాల కోసం లేచింది. ఆ మడ్డి నీ పుల్లలదే నాయనా, నీ ఫిల్టరు నీళ్లలో ఉప్పు తక్కువ, కరెంటు సరిగా పారదు, అందుకే అవి తేటగా ఉన్నాయి, వాటిలో చిటికెడు ఉప్పేసి ముంచి చూపించు అన్నాను. సామాను సర్దుకుని పక్కింటికి పోయాడు. అక్కడ అమ్ముడుపోయింది. ఇప్పుడా ఇల్లాలు మా ఇంటికొస్తే మంచినీళ్లు ముట్టదు!

మీ విలేకరి ఒక్క చుక్కను మైక్రోస్కోపు కింద పెట్టించాల్సింది. బొగ్గు బూడిద రేణువులు కొలిమిలో కరిగి గాల్లోనే గట్టిపడతాయి గనక చాలావరకు గాజుపూసల్లా గుండ్రంగా కనిపిస్తాయి. ఒండ్రు రేణువులకు ఆ గుండ్రదనం ఉండదు. పాచి మీద నీలికాంతి వేస్తే ఎర్రగా వెలుగుతుంది. ప్లాస్టిక్ తునకైతే ఏ రకందో రామన్ స్పెక్ట్రోస్కోపీ చెబుతుంది. విశాఖలో చదువుకున్న ఆ రామన్, సముద్రపు నీలం ఆకాశపు నీడేనని పెద్దలన్నా, 1921లో ఓడ మీద నికోల్ పట్టకంతో తానే చూశాక గానీ మాట్లాడలేదు.

 

థర్మల్ వాళ్లను వెనకేసుకు రావడం లేదు. 2022లో రాయచూరులో కలుషిత నీళ్లు తాగి మనుషులు పోయారు. మాకు నీళ్ల మాట తమాషా కాదు. బూడిద నిజంగానే ఉందేమో. కానీ రేపు వాళ్లు ‘ఇది వానాకాలపు బురద’ అంటే, ఆ మీటరు అంకె పట్టుకుని ఏం జవాబిస్తారు?

— ఒక పాఠకుడు, దేవసూగూరు, రాయచూరు జిల్లా