పాటను మంత్రం అనకండి



ఈ వారం కొంచెం గట్టిగానే రాస్తున్నాను. తోటి సేవకుల్లో కొందరికి కోపం రావచ్చు. అయినా రాయక తప్పదు, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే.

మొన్న వేసవిలో చర్ల రోడ్డు వైపు ఒక ఊళ్లో యౌవనస్థుల కూటం జరిగింది. అక్కడికి వచ్చిన వాళ్లలో ఇంటర్ చదివే ఒక కోయ పిల్లవాడు ఉన్నాడు. హాస్టల్లో హ్యారీ పాటర్ మొదటి పుస్తకం తెలుగులో చదివాడట. ఆ కథలో ఒక తల్లి తన ప్రాణం అడ్డం పెట్టి పసివాణ్ని కాపాడుతుంది. దాని మీద స్నేహితులతో కలిసి, డోలు దెబ్బకు సొంతంగా ఒక పాట కట్టి ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. పట్నం నుంచి వచ్చిన ప్రసంగీకుడికి ఈ సంగతి తెలిసింది. పిల్లవాణ్ని స్టేజీ ఎక్కించి, "వీడు మంత్రగాళ్ల పాట పాడుతున్నాడు" అని మైకులో చెప్పాడు. అందరి ముందూ ఆ పాటను ఫోన్లోంచి తీసేయించాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను అదే స్టేజీ మీద కుర్చీలో కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ పిల్లవాడు మళ్లీ మందిరం గడప తొక్కలేదు.

ఇలాంటి పాటలు వాడితో మొదలవలేదు. 1997 నుంచి 2007 దాకా ఏడు పుస్తకాలుగా వచ్చిన ఆ కథను ప్రేమించినవాళ్లు చాలా దేశాల్లో పాటలు కట్టారు. 2002లో అమెరికాలోని నార్వుడ్ అనే ఊళ్లో పాల్, జో డిజార్జ్ అనే అన్నదమ్ములు తమ ఇంటి దగ్గర కచేరీ పెట్టుకున్నారు. రావాల్సిన బృందాలు రాలేదు. అప్పటికప్పుడు వీళ్లే హ్యారీ కథ మీద కొన్ని పాటలు అల్లి పాడేశారు. "హ్యారీ అండ్ ది పాటర్స్" అన్న పేరుతో ఊరూరా లైబ్రరీల్లో పిల్లల ముందు పాడారు. వాళ్లను చూసి ఇంకెన్నో బృందాలు పుట్టాయి. ఆ సంగీతానికి విజర్డ్ రాక్ అని పేరు పడింది. పేరులో మాంత్రికుడు ఉన్నాడు, నిజమే. పాటలో ఉన్నది మాత్రం ఒక పిల్లవాడి భయం, స్నేహం, ధైర్యం.

ఆ ప్రసంగీకుడు అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయం చదివాడు. ఎఫెసులో మాంత్రిక పుస్తకాలు కాల్చారు, వాటి వెల 50 వేల వెండి రూకలు అన్నాడు. సరే, ఆ వచనం మళ్లీ చదవండి. కాల్చినవాళ్లు ఎవరు? మాంత్రిక విద్య నిజంగా చేసినవాళ్లు. ఎవరి పుస్తకాలు? తమవే. ఎవరు లాక్కున్నారు? ఎవరూ లాక్కోలేదు, తామే తెచ్చారు. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం సోదె చెప్పేవాణ్ని, మంత్రం వేసేవాణ్ని ఖండిస్తుంది గాని కథ విని పాట కట్టినవాణ్ని కాదు. ఏథెన్సులో పౌలు అన్యకవుల మాట ఎత్తుకునే సువార్త చెప్పాడు (అపొ. 17:28). మరో సంగతి. ఆ ఏడో పుస్తకంలో హ్యారీ తల్లిదండ్రుల సమాధి రాయి మీద చెక్కి ఉన్నది 1 కొరింథీయులకు 15:26లోని మాట. మరణం కూడా ఒకనాడు ఓడిపోతుందన్న ఆ మాట మనం భూస్థాపన కూడికల్లో చదివే అధ్యాయంలోనిదే. ఆ పుస్తకాన్ని తెరవకుండానే మనం తీర్పు చెప్పాం.

అదే కూటంలో, అదే మైకులో, ఆ సాయంత్రం మనవాళ్లు పాడిన రెండు పాటలకు సినిమా బాణీలు. పిల్లవాడు సొంత బాణీ కట్టుకుంటే పాపం, మనం డ్యాన్సు పాట బాణీ తెచ్చి హల్లెలూయ తగిలిస్తే ఆరాధనా?

నిజానికి బాణీ ఎక్కడ పుట్టిందన్నది కాదు లెక్క. 17వ శతాబ్దంలో రామదాసు ఈ భద్రాచలం రాముడి మీద కీర్తనలు కట్టాడు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు (1803-1890) ఆ కీర్తన పద్ధతినే తీసుకుని, రాగతాళాలతో క్రీస్తును పాడారు. అది అన్యుల పద్ధతి అని ఆయన నోరు మూయించి ఉంటే మన కీర్తనల పుస్తకం ఎంత పలచనయ్యేదో ఆలోచించండి.

ఈ తప్పు మనం ఇదివరకూ చేశాం. నేను పరిచర్యకు వచ్చిన కొత్తలో, బాప్తిస్మం తీసుకున్న కోయ తల్లులకు రేల పాట పాడొద్దని చెప్పాను. మగవాళ్లను డోలు ముట్టుకోవద్దన్నాను. ఒక అవ్వ అడిగింది: "మరి పనిలో ఏం పాడుకోవాలి అయ్యగారూ?" నా దగ్గర జవాబు లేదు. 2022లో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి డోలి కళకు పద్మశ్రీ వచ్చింది. దేశం గౌరవించిన వాద్యాన్ని మనం మందిరం బయట పెట్టించాం. ఇప్పుడు మా సంఘంలో డోలు వాయించగల పిల్లలు ఇద్దరో ముగ్గురో. వాళ్లలో ఒకడే ఆ రోజు స్టేజీ మీద తల దించుకుని నిలబడ్డవాడు.

అన్నిటికన్నా నాకు భయం కలిగించేది ఇంకొకటి. పట్నంలో మంత్రగాడు అంటే ఒక తిట్టు, అంతే. మన ఏజెన్సీలో అంతటితో పోదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. బిడ్డకు జ్వరం తగ్గకపోతే, గొడ్డు చచ్చిపోతే ఊరి చూపు ఎవరి మీదకు పోతుందో మనకు తెలుసు. అలాంటి చోట పదిహేడేళ్ల పిల్లవాడికి, దైవజనుడి నోటితో, మైకులో ఆ పేరు పెడతారా? ప్రసంగీకుడు మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ పేరుతో ఊళ్లో బతకాల్సింది పిల్లవాడు.

అలాగని ప్రతి పాటా మంచిదని నేననను. చదువు, ప్రార్థన మరిచి ఫోన్లో మునిగిపోతే మందలించాల్సిందే. కాని చెట్టును దాని ఫలం వల్ల తెలుసుకోమన్నాడు ప్రభువు. ఆ పాల్ డిజార్జ్ కూడా చేయి వేసి మొదలుపెట్టిన అభిమానుల సంస్థ, 2010లో హైతీలో భూకంపం వచ్చినప్పుడు లక్షా 23 వేల డాలర్లకు పైగా పోగుచేసి ఐదు విమానాల్లో వైద్య సామగ్రి పంపింది. దారిలో పడి ఉన్నవాణ్ని చూసి పక్కకు తప్పుకుపోయింది ఎవరో, ఆగినది ఎవరో లూకా 10వ అధ్యాయంలో చదువుకోండి.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఆ పిల్లవాడి ఇంటికి వెళ్లాను. వాళ్ల అమ్మ ముందే క్షమాపణ అడిగాను. "ఆ పాట ఒకసారి పాడు నాన్నా" అన్నాను. "మర్చిపోయాను అయ్యగారూ" అన్నాడు. మర్చిపోలేదని నాకు తెలుసు. వాడు నన్ను నమ్మడానికి ఇంకా కొన్నాళ్లు పడుతుంది.

తోటి కాపరులారా, పిల్లలు పాట తెస్తే ముందు కూర్చుని వినండి. ఆ తల్లి ప్రేమ దగ్గర మొదలుపెట్టి సిలువ దగ్గరికి తీసుకెళ్లండి. దారి అక్కడే ఉంది. వచ్చే కూటంలో ఎవరైనా పిల్లవాణ్ని స్టేజీ ఎక్కించి అవమానిస్తే, నేను లేచి నిలబడతాను. మీరూ నిలబడండి.

ప్రభువు మన పిల్లల నోట పాటను కాపాడును గాక. ఆమేన్.